నిన్న అయిపోయిన ఆదివారం

ఎవరూ రారు. ఆ సంగతి ఈ రేకుల మందిరంలో కూర్చున్న నలుగురిలో ఇద్దరికి తెలుసు. తెలిసిన ఇద్దరూ నోరు విప్పరు. తెలియని ఇద్దరిలో ఒకాయన మాటిమాటికీ కోటు జేబులోంచి గడియారం తీసి చూసుకుంటున్నాడు, ఇంకొకామె వక్క నములుతూ గుమ్మం వైపు చూస్తోంది. పదకొండు దాటి ఇరవై నిమిషాలయింది. రిన్‌పుయీ ముందు బెంచీ కొసన కూర్చుని నడుముకు చుట్టుకున్న పువాన్ అంచును వేలితో మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది. అమ్మ నేసిన బట్ట అది, ఈ రోజు కోసమే ఇన్నాళ్ళూ సంచి అడుగున నలగకుండా దాచుకుంది. వెనక పది బెంచీల్లో చివరిది తప్ప అన్నీ ఖాళీ. నిన్న ఈపాటికి అవే బెంచీల మీద చోటు చాలక పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. నిన్న. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పువాన్ అంచు మీద వేలు ఆగింది. వాన రేకుల మీద గుప్పెడు పడి ఆగుతోంది, మళ్ళీ గుప్పెడు పడుతోంది, ఎవరో తమాషాకు గింజలు విసురుతున్నట్టు. కిటికీకి తలుపు లేదు. అందులోంచి కింద మెట్ల పొలాలు కనిపిస్తాయి, కానీ ఆమె అటు చూడదు. చూస్తే గడియారం పట్టుకున్న ఉపా కూడా అటు చూస్తాడు. చూసినా ఏం, ఆయన కళ్ళకు ఈ దూరం ఆనదు, మడిలో వంగిన ఆడవాళ్ళు ఆయనకు వరికుప్పల్లా కనిపిస్తారేమో. కానీ చెవులు? చెవులు ఆయనకు పాము చెవులు. నలభై మంది పాడుతుంటే మూడో వరసలో ఎవరి నోట స్వరం వెంట్రుకవాసి జారిందో చెప్పేవాడు, కింద మడిలోంచి వస్తున్న పాట ఆయనకు వినపడటం లేదా?

వినపడుతూనే ఉంటుంది. అయినా ఆయనకు తోచదు, ఎందుకంటే ఇవాళ ఆదివారం. ఆదివారం నాడు పొలంలో మనుషులుంటారన్నది ఉపా థంజౌవా తలలో పట్టని సంగతి. తమ ఊళ్ళో బడి పెద్దమాస్టారుగా ముప్ఫై ఏళ్ళు చేసి, చర్చి సంఘానికి పెద్ద, అంటే వాళ్ళ మాటలో ఉపా, అయ్యాక అందరికీ ఆయన ఉపాయే, పేరు పెట్టి పిలిచేది ఆయన భార్య ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు. మిజోరం కొండల్లో ఆదివారమంటే చక్రం తిరగదు, కొట్టు తలుపు తెరుచుకోదు, కత్తి కట్టె మీద పడదు. ఆదివారం పూట గుడ్డు పెట్టాలంటే కోడి కూడా మొహమాటపడుతుందని పీ ఛింగీ అంటుంది, అదే బెంచీ మీద పక్కన కూర్చుని వక్క నములుతున్న ఈ పీ ఛింగీయే, పీ అంటే పెద్దావిడ అని. అక్కణ్ణించి ఈ నేపాల్ ఊరికి వచ్చేటప్పుడు దారిలో ఆదివారం అడ్డుపడితే సిలిగురిలో లాడ్జి గదిలో రోజంతా కూర్చున్నారు ముగ్గురూ, కిందనే బస్సులు వరసగా సరిహద్దు వైపు పోతుంటే. ఉపా కిటికీ తెర లాగేసి కీర్తనలు చదివించాడు. మధ్యాహ్నం పీ ఛింగీ గొణిగింది, దేవుడు కూడా ఈ ఉక్కలో కిటికీ తీసుకునేవాడని. ఉపా నవ్వలేదు. ఆయనకు ఇది ఆషామాషీ ప్రయాణం కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు పూటపూటా అన్నం వండేముందు ఒక గుప్పెడు బియ్యం దేవుడి డబ్బాలో పోస్తారు, ఏళ్ళ తరబడి పోసిన గుప్పెళ్ళు ఈ ప్రయాణమయ్యాయి. మనకు మిషనరీ దొరలు సముద్రాలు దాటి వచ్చి పాట నేర్పారు, ఇప్పుడు మనం ఇంకో దేశానికి పోయి నేర్పాలి అని ఆయన రిన్‌పుయీ మూడో తరగతిలో ఉన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. అప్పుడు ఆమెకు దేశమంటే బడి గోడ మీది పటం. ఇప్పుడు దేశమంటే నేపాల్లో ఈ కొండ, ఈ తడి మట్టి వాసన, పాస్టరు ఇంట్లో పులియబెట్టిన సోయాగింజల కూర. అది ముక్కుకు తగలగానే మొదటి రాత్రి ఆమెకు ఏడుపొచ్చింది, అచ్చం అమ్మ వంటిల్లే అనిపించి.

కాగితం ఇప్పటికీ గోడకు అంటించి ఉంది, ఉపా గుండ్రని చేతిరాత. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం తరగతులు. శనివారం పదకొండింటికి రిహార్సల్. ఆదివారం పదకొండింటికి ముగింపు ఆరాధన, నాలుగు గొంతుల పాట. ఆ కాగితం చూసి పాస్టరు హర్కమాన్ రాయ్ సోమవారం నాడు తల ఊపాడు. బాగుంది ఉపా, అన్నాడు. షిల్లాంగులో చదువుకున్న మనిషి, ఇంగ్లీషు వచ్చు, ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. కానీ అతిథికి తప్పు చూపించేవాళ్ళు కారు ఇక్కడివాళ్ళు. అతిథి ఉప్పు వేసిన టీ చేసినా తాగి, రుచిగా ఉందంటారు. ఇప్పుడాయన చివరి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కడిగిన చొక్కా, తల మీద టోపీ. ఈ ఊళ్ళో మగవాళ్ళలో ఈ గంటకు పొడి బట్టలతో ఉన్నది ఈయనొక్కడే. కాళ్ళు కడుక్కునే వచ్చాడు, కానీ మడమ వెనక బురద ఎండి తెల్లగా పగిలింది, రిన్‌పుయీ ఇందాక చూసింది. ఆమె చూసిందని ఆయనా చూశాడు. అప్పటి నుంచి ఆ కాలును రెండో కాలి వెనక దాచుకుంటున్నాడు, పెద్దమాస్టారు గదిలో నిలబడిన పిల్లాడిలా. కింద నాట్లు పడుతున్నది ఆయన పొలంలోనే. కాలవ నీళ్ళ వంతు వాళ్ళకు ఇవాళే, ఊరంతా ఒకరి పొలంలో ఒకరు బదులు పనికి దిగింది ఇవాళే, ఇవాళ తప్పితే పన్నెండు రోజులకు గానీ నీళ్ళు రావు. అన్నీ తెలిసి ఆయన ఇక్కడ కూర్చున్నాడు, అతిథులు ఒంటరి కాకూడదని. అన్నీ తెలిసి ఆమె ఇక్కడ కూర్చుంది. ఎందుకని?

ఎందుకంటే మాట బయటికి రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. పాటలో వస్తుంది, పాటలో పదిమంది గొంతుల మధ్య తన గొంతు ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి వస్తుంది. విడిగా నిలబడి ఒక్క మాట చెప్పమంటే గొంతులో తడిగుడ్డ కుక్కినట్టవుతుంది. ఉపా అది గమనించాడు, ఐదో తరగతిలో. తిట్టలేదు. స్వరాల సైగలు నేర్పాడు. పిడికిలి బిగిస్తే దో, స్వరాల్లో మొదటిది, పాటకు ఇల్లు. అరచేయి బల్లపరుపుగా పెడితే మీ. బొటనవేలు కిందికి చూస్తే ఫా. చూపుడు వేలు పైకి ఎత్తితే తీ, ఇంకో అడుగులో ఇల్లు చేరతాం అన్నట్టు. మాట్లాడకపోతే మానె, చెయ్యి ఉంది కదా, చేత్తో చెప్పు అన్నాడు. ఇక్కడికి ఆమెను తెచ్చింది ఆ చెయ్యే. ఉపా స్వరాల నిచ్చెన పటం గోడకు తగిలించి, కర్రతో చూపిస్తూ ఇంగ్లీషులో పాఠం చెప్పేవాడు, పాస్టరు దాన్ని నేపాలీలో సాగదీసేవాడు, పగలంతా నారు పీకి వచ్చిన ఆడవాళ్ళు గోడకు జారబడి కునికేవాళ్ళు. మంగళవారం ఉపా నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు రిన్‌పుయీ చేయి ఎత్తింది. పిడికిలి. ఎవరూ ఏమీ అడగలేదు. మొదటి వరసలో చంకలో బిడ్డతో కూర్చున్న జునూ దీదీ దో అంది, నవ్వుతూ. పక్కామె అంది. గదంతా అంది. మాటే అక్కర్లేదు. ఆ సాయంత్రం ఆమె డైరీలో ఒకే వాక్యం రాసుకుంది: ఇవాళ నేను ముప్ఫై మందితో మాట్లాడాను.

డైరీ బెంచీ కింద సంచిలో ఉంది. దాన్ని తలచుకోకూడదనుకుంటుంది, కానీ నాలుక సలిపే పంటి దగ్గరికే పోతుంది. గురువారం పేజీ. ఆ రోజు జునూ దీదీతో కలిసి కుళాయి దగ్గర బిందెలు నింపుతుంటే, బడిలో నేర్చుకున్న విరిగిన హిందీ ఒకరిది, సినిమాల్లో నేర్చుకున్న హిందీ ఒకరిది, ఎలాగో కుదిరింది. జునూ పాస్టరు కోడలు. ఆమె అంది, "శనివారం చూడు బహినీ, అందరూ కొత్త బట్టల్లో వస్తారు. ఆ రోజే నా నానీకి, ఈ పాపకి, పేరు పెట్టి దేవుడి ముందు నిలబెడతారు. మా అమ్మ రెండు కొండలు దిగి వస్తోంది." రిన్‌పుయీ అడిగింది, ఆదివారం కాదా అని. జునూ నవ్వింది. "ఆదివారం మా మామగారి నాట్లు. మీ ఊళ్ళో ఆదివారం బడికీ పొలానికీ పోరా? ఇక్కడ సెలవు శనివారమే, దేవుడూ శనివారమే. నువ్వూ దిగు బురదలోకి, పెరుగూ అటుకులూ పెడతాను. తెల్లకాళ్ళు చూసి కప్పలు కూడా దండం పెడతాయి." బిందె నిండి పొర్లింది, ఇద్దరూ చూసుకోలేదు. ఆ రాత్రి డైరీలో రాసింది: వీళ్ళ ఆరాధన శనివారం. ఆదివారం ఎవరూ ఉండరు. ఉపాకు చెప్పాలి. రేపు చెప్పాలి. శుక్రవారం పేజీలో: రేపు పొద్దున్నే చెప్పాలి. పీ ఛింగీకి చెబితే ఆమె చెబుతుందేమో. శనివారం పేజీలో ఏమీ లేదు. పెన్ను ఆనించిన చోట సిరా చుక్క ఒకటి పెద్దదై ఆగింది, అంతే.

శనివారం. వద్దన్నా వస్తుంది. పదకొండు కొట్టకముందే మందిరం నిండిపోయింది, తలల్లో పూలు, పిల్లల కళ్ళకు కాటుక, ముసలమ్మల చెవులకు బంగారం. ఉపా ముఖం వెలిగిపోయింది. రిహార్సల్‌కే ఇంత శ్రద్ధ, మన ఊళ్ళో ఉందా ఇది అని పీ ఛింగీతో అన్నాడు. ఆ తర్వాత రెండు గంటలు వాళ్ళను నిలబెట్టాడు. లైను లైనుకూ ఆపాడు. ఇది కాదు, మళ్ళీ, ఆల్టో పాడే ఆడవాళ్ళు ఫా దగ్గర సో వైపు జారుతున్నారు, మళ్ళీ, రేపు దేవుడి ముందు ఇలాగే పాడతారా. పాస్టరు ఆ మాటను నేపాలీలో చెప్పలేదు, ఇంకేదో మెత్తగా చెప్పాడు. ముసలమ్మలు మోకాళ్ళు పట్టుకున్నారు. చివర్లో జునూ లేచి ముందుకొచ్చింది, ఎర్ర శాలువాలో చుట్టిన బిడ్డతో, వెనకే చెమటలు కక్కుతూ ఆమె తల్లి, చేతిలో అరటిపళ్ళ గెల. పాస్టరు ఉపా చెవిలో ఏదో అన్నాడు. ఉపా నవ్వి బిడ్డ తల నిమిరి, ఇంత మంచి పని రిహార్సల్ నాడు చేస్తామా, రేపు ప్రభువు దినాన అందరి ముందూ నేనే ఎత్తుకుని ప్రార్థన చేస్తాను అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అదే కదా. కటువుగా అని ఉంటే ఎవరైనా ఏదో అనేవాళ్ళు. జునూ పాస్టరు వైపు చూసింది, పాస్టరు నేల వైపు చూశాడు. ఆమె తలూపింది. తిరిగి వెళ్తూ బిడ్డ ముఖం మీదికి శాలువా లాగింది, ఎండ లేకపోయినా. ఆ లాగడం రిన్‌పుయీ చూసింది. అప్పుడైనా చెప్పాల్సింది. మందిరం నిండా మనుషులుండగా, అందరూ కొత్త బట్టల్లో ఉండగా. ఇంకో గంట అక్కడే ఉంచి పేరు పెట్టేసేవాళ్ళు. అరటిగెల బల్ల మీద ఇప్పటికీ ఉంది, ఎవరూ ఒక్క పండు తుంచలేదు.

"వచ్చినవాళ్ళతోనే మొదలుపెడదాం," అన్నాడు ఉపా, మిజోలో, ఎవరితోనూ కాదన్నట్టు. శ్రుతి దండాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మూడు గొంతులు లేచాయి, నాలుగు గొంతుల పాటకు. ఉపా కింది గొంతు, పీ ఛింగీ పై గొంతు, రిన్‌పుయీ దాని కిందది, ఆల్టో. మధ్యలో ఒక గది ఖాళీ ఉన్న ఇల్లులా పాట నిలబడింది, గాలి అటూ ఇటూ పోతోంది. చివరి బెంచీ నుంచి పాస్టరు సన్నగా అందుకోబోయి ఆగిపోయాడు. వీళ్ళు ఊపిరి తీసుకునే చోట కింద నుంచి వాళ్ళ పాట దూరింది, అదే పాట, బురదలో కాళ్ళు తీసే లెక్కకు మెల్లగా సాగి. మళ్ళీ ఫా దగ్గర జారుతున్నారు. జారి, తెలుసుకుని, ఆగి, ఎవరో నవ్వి, మళ్ళీ మొదటికి వస్తున్నారు. వాళ్ళకు అది పట్టుబడేదాకా వదలరు, జునూ పట్టు రిన్‌పుయీకి తెలుసు. ఆమె చేయి ఒళ్ళోనే బొటనవేలు కిందికి తిప్పింది. ఫా. ఎవరు చూస్తారు? అందరి కళ్ళూ నీళ్ళలో, అందరి చేతుల్లో నారు. సైగకు కళ్ళు కావాలి. వంగిన వీపులకు సైగ చెప్పలేం.

పాట అయింది. ఉపా బైబిలు తెరిచాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, తుడిచాడు. గుమ్మం వైపు చూశాడు. రిన్‌పుయీ వంగి సంచిలోంచి డైరీ తీసింది. గురువారం పేజీ. దాన్ని తెరిచి బెంచీ మీద మెల్లగా జరిపింది, పీ ఛింగీ తొడకు తగిలేదాకా. చదువు పీ, చదివి నువ్వు చెప్పు, నీకు నోరుంది, నువ్వు ఉపానే ఎగతాళి చేస్తావు, ఆయన నిన్నేమీ అనడు. పీ ఛింగీ చూడకుండానే చేత్తో తడిమి, పుస్తకం మూసి, దాంతో రెండుసార్లు విసురుకుని, వెనక్కి ఇచ్చేసింది. "డైరీ తర్వాత రాసుకుందువు గానీ," అని గుసగుసగా అంటూ ఆమె అరచేతిలో ఒక వక్క ముక్క పెట్టింది, ఆకలేస్తోందనుకుని. రిన్‌పుయీ దాన్ని పట్టుకుని కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాతకు తెలిస్తే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తాత ఊరికి కబురు మనిషి. రాత్రి అన్నాలయ్యాక కొండకొమ్ము మీద నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, ఓ... అని మొదలుపెట్టేవాడు, ఆ ఓ లోయ దాటి అవతలి కొండను తాకి వచ్చాక గానీ అసలు మాట ఎత్తేవాడు కాదు. రేపు దారి బాగుచెయ్యాలి, ఇంటికొకరు కత్తి పట్టుకు రండి. ఫలానావాళ్ళ పంది తప్పిపోయింది, చెవికి గాటుంది. అలాంటాయన మనవరాలికి దేవుడు గొంతు తూచే వేళకు సంత మూసేసి ఉంటాడని పీ ఛింగీ వెక్కిరింపు. తాత అనేవాడు, కబురు కడుపులో దాచుకుంటే పులిసిపోతుందే అమ్మా. చెడ్డ కబురుకు గొంతు తగ్గించకు, సగం వినపడిన చెడ్డ కబురు రెండింతలవుతుంది.

పదకొండేళ్ళప్పుడు. తాతకు జ్వరం, గొంతు పూడిపోయింది. నువ్వు పోయి పిలువు, ఒక్క మాటే, రేపు విధవరాలు తియాలీ ఇంటి కప్పు మార్చాలి, అందరూ రావాలి. ఆమె కొమ్ము మీదికి వెళ్ళింది. కింద దీపాలు. ప్రతి దీపం ఒక కన్ను. ఓ కూడా రాలేదు. చాలాసేపు నిలబడి ఇంటికి వచ్చి, పిలిచావా అంటే తలూపింది. జునూ తలూపినట్టే. తెల్లారి తియాలీ, కబురు వెళ్ళిందనే నమ్మి, ముప్ఫై మందికి టీ కాచింది. పాత గడ్డి తానే సగం లాగేసి పెట్టుకుంది, వాళ్ళకు పని తేలికవుతుందని. సగం కప్పు తెరిచిన ఇంటి ముందు, ఆవిరి తగ్గుతున్న గిన్నె పక్కన, దారి వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు. వాళ్ళకు నా మీద కోపమేమో, నేనేం తప్పు చేశానో అందట. ఆ మాట రిన్‌పుయీ చెవిన పడింది. ఆ తర్వాత తాత జ్వరంతోనే లేచి ఇల్లిల్లూ తిరిగాడు, మధ్యాహ్నానికి జనం వచ్చారు, కప్పు పడింది. తాత ఆమెనేమీ అనలేదు. అదే ఇన్నేళ్ళూ మిగిలింది. టీ గిన్నె, సగం కప్పు, దారి వైపు చూపు. అచ్చం ఆ చూపే, ఇప్పుడు కోటూ టై వేసుకుని, బైబిలు మీద వేలు పెట్టుకుని, గుమ్మంలోకి చూస్తోంది.

ఉపా బైబిలు మూసేశాడు. "ప్రార్థన చేద్దాం," అన్నాడు. నలుగురూ కళ్ళు మూసుకున్నారు. రిన్‌పుయీ మూసుకుని మళ్ళీ తెరిచింది. ఆయన చేతులు చూసింది, సుద్దముక్కలు పట్టి పట్టి వేళ్ళ కొసలు పగిలిన చేతులు. ప్రార్థన మొదట్లో మామూలుగానే ఉంది, వాన కోసం, ప్రయాణం కోసం, ఊళ్ళో గుప్పెడు బియ్యం తీసిన తల్లుల కోసం. తర్వాత ఆగాడు. ఆగి, పాస్టరుకూ తెలియాలని ఇంగ్లీషులోకి మారి, తగ్గిన గొంతుతో, ప్రభువా, నిన్న నేను వీళ్ళతో కటువుగా ఉన్నాను అన్నాడు. ముసలివాళ్ళను నిలబెట్టాను. నా పాట మీది గర్వంతో వాళ్ళ మనసు విరిచాను, అందుకే నీ దినాన నీ ఇంటికి రాలేదు. తప్పు నాది, దాన్ని వాళ్ళ మీద పెట్టకు. ఆ తల్లులు పంపిన బియ్యాన్ని నేను పారబోశాను. ఆయన గొంతు ఫా దగ్గర జారినట్టు జారింది. చివరి బెంచీ మీద పాస్టరు హర్కమాన్ తల ఇంకా కిందికి దిగింది. ఆయన చెప్పడు. నేపాల్ కొండలన్నీ కరిగి కాలవలో పడినా అతిథి ప్రార్థనకు అడ్డు రాడు. పీ ఛింగీ వక్క నమలడం ఆపేసింది. ప్రార్థనకు ఎవరూ అడ్డు రారు, రిన్‌పుయీ పుట్టి పెరిగిన చోట, ఇల్లు కాలినా ఆమెన్ అన్నాకే అరుస్తారు. కడుపులో పులిసినది గొంతుదాకా వచ్చింది. వక్క ముక్క అరచేతిలో నొక్కుకుపోయింది.

"ఉపా."

ఆయన ఆగిపోయాడు. కళ్ళు తెరవలేదు. బహుశా తను విన్నది నిజమని నమ్మలేదు.

"ఉపా, వాళ్ళకు కోపం లేదు. వీళ్ళకు ఆదివారం నిన్ననే అయిపోయింది." ఆమె గొంతు ఆమెకే పరాయిగా, బొంగురుగా వినపడింది. ఆపితే మళ్ళీ రాదని తెలిసి ఆపలేదు. ఇక్కడ శనివారమే ఆరాధన అని, మనం రిహార్సల్ అనుకున్నదే వాళ్ళ ఆరాధన అని, ఇవాళ పాస్టరుగారి నాట్లని, నీళ్ళు ఇవాళే వస్తాయని చెప్పింది. "నాకు గురువారమే తెలుసు. నేను చెప్పలేదు."

రేకుల మీద వాన గుప్పెడు పడి ఆగింది. ఉపా కళ్ళు తెరిచి ఆమె వైపు కాదు, వెనక బెంచీ వైపు చూశాడు. ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు, మీ ఆరాధన నిన్ననే అయిపోయిందట, నిజమేనా అని. పాస్టరు లేచి నిలబడ్డాడు. మీరు మా అతిథులు అన్నాడు. మడమ మీది బురద ఇప్పుడు దాచుకోలేదు.

ఉపా గోడ మీది కాగితం చూశాడు. తన చేతిరాతే, సోమవారం, మంగళవారం, శనివారం రిహార్సల్. రిన్‌పుయీ తిట్టు కోసం చూసింది. తిట్టు వస్తే బాగుండు, తాత తిట్టకపోవడం ఇంకా దిగలేదు. "ఆ పాప," అన్నాడు ఆయన చివరికి. "నిన్న నేను పక్కన పెట్టేసిన పాప, మీ మనవరాలే కదా." పాస్టరు తలూపాడు. ఉపా బెంచీ మీద కూర్చుండిపోయాడు. "మా తాతల కాలంలో దొరగారికి నచ్చదని మందిరంలోకి డోలు తేలేదు. డోలు లేకుండా మా వాళ్ళకు పాట కాలు కదపదు. అయినా ఒక్కడూ ఆయనకు చెప్పలేదు. మర్యాద. అటక మీద పెట్టుకుని ఊరుకున్నారు. ఆ కథ నేను బడిలో నవ్వుతూ చెప్పేవాణ్ణి." ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. తర్వాత రిన్‌పుయీ వైపు తిరిగాడు. "గురువారం నుంచి మోస్తున్నావా పిల్లా దీన్ని? నా అంత పెద్దవాడి బరువు." అంతే. తిట్టు అదేనని ఆమెకు తర్వాత అర్థమైంది.

"కిందికి పోదాం," అంది పీ ఛింగీ, వక్క బుగ్గన పెట్టుకుంటూ. ఇవాళ పని ముట్టను అన్నాడు ఉపా, అది మాత్రం నా వల్ల కాదు. ముట్టమని ఎవరన్నారు, గట్టు మీద నిలబడి బిడ్డను ఎత్తుకోవడం కూడా పనేనా, నా నలుగురు పిల్లల్నీ ఆదివారాలు నేల మీదే పడుకోబెట్టి ఉండాల్సింది అయితే, అంది ఆమె. ఉపా ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ముఖం అటూ ఇటూ అయింది. "పిలవని చోటికి పోకూడదు. నిన్న వాళ్ళ రోజును నా రోజు కోసం ఆపాను. ఇవాళ వాళ్ళ పనిని కూడా ఆపితే?" గొంతు సవరించుకున్నాడు. "అడుగు పిల్లా. మేం రావచ్చా అని అడుగు. వద్దంటే ఇక్కడే ఉంటాం. దిగి వెళ్ళి అడిగితే మొహమాటానికి రమ్మంటారు, ఇక్కణ్ణించే అడుగు. మీ తాత నిలబడినట్టు నిలబడి."

ఆమె బయటికి వచ్చింది. మందిరం ముందు కొండ కొమ్ములా పొడుచుకొచ్చిన చోటు, దాని కింద మెట్లు మెట్లుగా నీళ్ళు, ఒక్కో మడిలో ఒక్కో ఆకాశం ముక్క. ఎద్దుల వెనక ఒకడు బురద తొక్కిస్తున్నాడు. ఆడవాళ్ళు వరసగా వంగి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు, వాళ్ళ ముందు పచ్చ గీతలు పుడుతున్నాయి. గట్టు మీద వెదురు గొడుగు కింద బుట్ట, బుట్టలో ఎర్ర శాలువా. రాత్రి కాదు, దీపాలు కావు, అయినా అవే కళ్ళు. ఇప్పుడు వంగి ఉన్నాయి, ఓ అనగానే అన్నీ ఒక్కసారి తన వైపు లేస్తాయి. వెనక్కి వెళ్ళి అడిగానని చెప్పేయొచ్చు, రమ్మన్నారని తలూపేయొచ్చు. తియాలీ టీ గిన్నె. వక్క ముక్క నోట్లో వేసుకుంది, ఎందుకో తెలియదు, చేతులు ఖాళీ కావాలని కాబోలు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

ఓ...

మొదట గాలే వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది, బొంగురుగా, పగిలి, ఆమెదో తాతదో తెలియనట్టు, మడుల మీదుగా జారి అవతలి కొండను తాకి వచ్చింది. అది తిరిగి వచ్చేదాకా ఆగింది. తాత ఆగినట్టే. కింద పాట ఆగిపోయింది. వీపులు ఒక్కొక్కటే లేచాయి.

"జునూ దీదీ, మేం రావచ్చా? ఉపా అడుగుతున్నాడు. నానీ కోసం. రావచ్చా?"

ఎవరో ఏదో అన్నారు, గాలి తీసుకుపోయింది. ఇంకెవరో నవ్వారు. జునూ కొంగుతో నుదురు తుడుచుకుని గట్టు మీది బుట్ట వైపు చూసింది, మందిరం వైపు చూసింది, తన వెనక ఇంకా నాటని సగం మడి వైపు చూసింది. అంత ఆలోచిస్తుందని రిన్‌పుయీ అనుకోలేదు. నిన్నటి శాలువా లాగడం గుర్తొచ్చింది. వద్దంటుంది. వద్దనే హక్కు ఆమెకు ఉంది. గొంతు ఎత్తి చెప్పినా ఇంత దూరం వినపడదని కాబోలు, జునూ నారు కట్టను చంకలో ఇరికించుకుంది. మోచేతి దాకా బురద కారుతున్న చేయి పైకెత్తి, పిడికిలి బిగించింది.

దో.

రిన్‌పుయీ వెనక, మందిరం గడప మీద, ఉపా బూటు ఒకటి విప్పి పక్కన పెట్టిన చప్పుడయింది. కాసేపటికి రెండోది.